కీర్తిశేషులు జి. డి. నాయుడుగారు

ప్రసిద్ధపురుషుల చరిత్రములను మన పాఠశాల పత్రికలో ప్రకటించుట వాడుకయై యున్నది. అట్టి చరిత్రములు సాధారణముగా తరగతిలో ప్రథమస్థానము పొంది, పరీక్షలయందు బహుమానము లందుకొన్న వారివిగా నుండును. ఈ సంవత్సరము నేను వ్రాయబూనినది అట్టిది కాదు. ఇది బడి యన్న సరిపడక మూడవ తరగతితో చదువు చాలించి, తుదకు తానే యొక విద్యాలయమును స్థాపించి దానికి అధ్యక్షుడైన వాని చరిత్రము. ఉపాధ్యాయుడనైన నేను దీని నేల యెన్నుకొంటినో ముందుగా చెప్పుట న్యాయము.

లోగడ నేను వేఱొక యూర పనిచేయుచుండగా ఎనిమిదవ తరగతిలో నొక బాలు డుండెను. వ్యాకరణమున వెనుకబడినవాడు, లెక్కలలో మధ్యముడు. ఒక వేసవి మధ్యాహ్నము తరగతిలోని బల్లపంకా తిరుగుట మానెను. విరామానంతరము నేను గదిలోనికి వచ్చుసరికి ఆ బాలుడు దానిని విప్పి, మరలను వరుసగా నేలపై పేర్చి, లోపల పేరుకొన్న దుమ్మును గుడ్డతో తుడుచుచుండెను. నేను కారణ మడుగక, బడి సొత్తును పాడుచేసితివని దండించి బల్లపై నిలువబెట్టితిని. సాయంకాలము వాడే దానిని మరల బిగించెను. పంకా చక్కగా తిరిగెను. నే నది చూచియు ఒక్క మంచిమాట చెప్పనైతిని. మఱుసటి యేడు వాడు బడి మానెను. నాయుడుగారి చరిత్రము చదివినప్పుడెల్ల నా కన్నులయెదుట ఆ పంకాయే తిరుగును.

గోపాలస్వామి దొరైస్వామి నాయుడుగారు 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన కోయంబత్తూరునకు సమీపమునగల కలంగల్ అను గ్రామమున జన్మించిరి. వారిది వ్యవసాయ కుటుంబము. ఇంటి భాష తెలుగు. విజయనగరరాజుల కాలమునను ఆ పిమ్మటను మన దేశము విడిచి దక్షిణమునకు తరలిపోయి, అచ్చటి నల్లరేగడి నేలలలో ప్రత్తి పండించిన తెలుగువారి సంతతి ఆ సీమలో విస్తారముగా కలదు. విజయనగర మనగా మన పొరుగున నున్న పట్టణము కాదు, తుంగభద్రాతీరమున వెలసిన రాజధాని యని చిన్న తరగతులవారు గ్రహింపవలెను. అరవదేశమున పుట్టి అరవముననే వ్యవహరించినను, నాయుడుగారు పుట్టుకచే మనవారే.

బాల్యమున వారికి బడి కారాగృహమువలె తోచెను. బల్లపై కదలక కూర్చుండి, అర్థము తెలియని దానిని వల్లించుట వారివలన కాలేదు. ఉపాధ్యాయులతో కలహములు, తఱచు పాఱిపోవుట. మూడవ తరగతితో చదువు ముగిసెను. పిమ్మట తండ్రిగారి పొలముపనులలో ప్రవేశించిరి. ఆ నాటి పెద్దలు ఈ పిల్లవానివలన ప్రయోజనము లేదని తలంచియుందురనుటలో ఆశ్చర్య మేమున్నది? నేనైనను అట్లే తలంచియుందును.

యౌవనమున వారొక యింగ్లీషు రెవిన్యూ ఉద్యోగి మోటారు సైకిలుపై పోవుట చూచిరి. అది రడ్జి అను బండి. ఎద్దు లేదు, గుఱ్ఱము లేదు. అయినను బండి పోవుచున్నది. చూచినవారందఱు ఆశ్చర్యపడి మరల తమ పనిలోనికి పోయియుందురు. నాయుడుగారు మాత్రము ఆ బండి తనకు కావలె ననుకొనిరి. ఎక్కి తిరుగుటకు మాత్రమే కాదు, లోపల నేమున్నదో తెలిసికొనుటకు. పొలము విడిచి కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో వడ్డనపనికి కుదిరి, కూలిలో మిగిల్చిన డబ్బు కూడబెట్టి, కొంతకాలమునకు అట్టి బండినే కొనిరి. కొన్న పిమ్మట వారు చేసిన మొదటి పని దానిని ముక్కముక్కలుగా విప్పుట. రెండవ పని మరల బిగించుట. వారికి చెప్పిన గురువు లేడు, తరగతి లేదు, ఘంట లేదు. ఆ యినుపముక్కలే వారి పాఠ్యపుస్తకము.

ఇచ్చట మన మొక విషయము గమనింపవలెను. విప్పుట యెవరికైనను సాధ్యమే. బిగించునపుడే జ్ఞానము బయలుపడును. ఏ ముక్క యెచ్చటిదో, ఎందుల కున్నదో, ఎంత బిగువు కావలెనో తెలియనిచో బండి కదలదు. గ్రంథపాఠమున తప్పు వ్రాసిన వానికి గురువు చెప్పువఱకు ఆ తప్పు తెలియదు. యంత్రము తప్పును తత్‌క్షణమే తెలుపును. చేతిపని చదువునందలి గొప్పతన మిదియే. ఇది ముఖస్తుతి నెఱుగదు. అకారణ కోపము నెఱుగదు.

ఆ పిమ్మట వారు మెకానిక్కుగా పనిచేసిరి. ప్రత్తివ్యాపారమున దిగి లాభము గాంచిరి. బొంబాయి వ్యాపారమున చేతనున్నది పోగొట్టుకొనిరి. అంతట మరల మొదటికి వచ్చి, కోయంబత్తూరులో ప్రసిద్ధుడైన స్టేన్స్ అను ఆంగ్లేయవర్తకుని చేయూతతో 1920లో ఒక బస్సు కొని, పొల్లాచ్చినుండి పళనికి తామే నడిపిరి. పళని సుబ్రహ్మణ్యస్వామి క్షేత్రము. యాత్రికుల రాకపోక లెక్కువ. ఆ యొక్క బస్సే క్రమముగా పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్ అను గొప్ప సంస్థ యయ్యెను. చెప్పిన వేళకు బయలుదేరుట, చెప్పిన వేళకు చేరుట దాని కీర్తికి మూలము. బండి దారిలో నిలిచిపోకుండ వలెనన్న బాగుచేయువారు కావలెను. కావున బస్సులవెంట పనిశాలలు, పనిశాలలవెంట పని నేర్చు యువకులు పెరిగిరి. నాయుడుగారి విద్యాలయము కాగితముపై పుట్టుటకు ముందే గ్రీజుమరకలలో పుట్టినదని చెప్పవచ్చును.

ఆ దినములలో నీరు తోడుటకుగాని మిల్లులు నడుపుటకుగాని కావలసిన విద్యుత్తు మోటార్లు సీమనుండియే దిగుమతి యగుచుండెను. 1937లో కోయంబత్తూరు పీలమేడునందలి నాయుడుగారి కర్మాగారమున డి. బాలసుందరం నాయుడుగారి నేర్పుచే ఒక విద్యుత్తు మోటారు తయారయ్యెను. మన దేశమున స్వంతముగా చేయబడిన తొలి మోటారుగా దానిని చెప్పుదురు. నేడు కోయంబత్తూరు మోటార్లకును పంపులకును పేరుపొందిన నగరము. మన జిల్లాలోని తోటలలో నీరు పోయు పంపుపై ఆ యూరిపేరు చెక్కియుండుట మీలో కొందఱు చూచియే యుందురు.

వారి బుద్ధి ఒక వస్తువునందు నిలిచియుండునది కాదు. చిన్న మోటారుతో తిరుగు క్షురకయంత్రమును కల్పించి జర్మనీదేశమున తయారుచేయించిరి. పండ్లరసము తీయు యంత్రము, ఓట్లను నమోదుచేయు యంత్రము, మిక్కిలి పలుచని క్షురపుటాకులు, కిరసనాయిలుతో నడచు పంకా — ఇవి వారి కల్పనలలో కొన్ని. ఈ కడపటిదానిని విద్యార్థులు ముఖ్యముగా తలపోయవలెను. ఆ కాలమున పల్లెలలో విద్యుత్తు లేదు. కిరసనాయిలు మాత్రము ప్రతి యింటను కలదు. పట్టణపు ధనికునకే గాక పల్లెటూరి రైతునకును వేసవిలో గాలి తగులవలె ననునట్టి ఆలోచనము అందు కనబడుచున్నది. 1941లో అయిదు వాల్వుల రేడియోను డెబ్బది రూపాయలకే చేయగల నని ప్రకటించిరి. 1952లో ఇద్దఱు కూర్చుండదగిన చిన్న కారును రెండువేల రూపాయలకు చేయగల నని చూపిరి. దాని తయారీకి ప్రభుత్వమువారి అనుమతి లభింపలేదు. ఆయన జీవితమున నిట్టి నిరాశలు పెక్కు కలవు.

ఇక అసలు విషయమునకు వత్తము. 1944లో నాయుడుగారు మోటారు వ్యాపారపు బాధ్యతలనుండి చాలవఱకు తొలగి, పరోపకారమునకు పూనుకొనిరి. 1945లో కోయంబత్తూరున ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్కును, దానివెంట ఇంజనీరింగు కళాశాలను స్థాపించిరి. ఆర్థర్ హోప్ దొరగా రప్పటి మదరాసు గవర్నరు. ఆ విద్యాలయమునకు నాయుడుగారే తొలి ప్రిన్సిపాలు. మూడవ తరగతితో బడి విడిచినవారు కళాశాలాధ్యక్షపీఠమున కూర్చుండిరి! ఇట్టి సంఘటన మన దేశ విద్యాచరిత్రమున బహు అరుదు.

కాని ఆ పీఠమున వారు చిరకాలము నిలువలేదు. ఇంజనీరింగు చదువునకు నాలుగేండ్లు పట్టుట వృథా కాలయాపన మనియు, పనిశాలలోనే యుండి నేర్చినచో రెండేండ్లలో అంతయు నేర్పవచ్చు ననియు వారి మతము. ప్రభుత్వమువా రందుల కంగీకరింపలేదు. నాయుడుగారు తమ మతమును విడువక, పదవినే విడిచిరి. వారు నాటిన కళాశాల మాత్రము నశింపలేదు. అదియే క్రమముగా కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాల యయ్యెను. మొదట నది యున్న చోటును ప్రజలు హోప్స్ కాలేజి యని నేటికిని పిలుచుచున్నారు.

ఈ వివాదమున న్యాయ మెవరిపక్షమున నున్నది? ఉపాధ్యాయ కళాశాలలో శిక్షణపొంది, ఇరువది యేండ్లకు పైగా సుద్దముక్క పట్టినవాడనై నేను దీనిని పెక్కుమార్లు ఆలోచించితిని. వంతెన కట్టువాడు గణితము నెఱుగవలెను. గణితము త్వరపెట్టిన రానిది. ఆ మేరకు ప్రభుత్వమువారి మాటయు నిజమే. కాని విద్యార్థికి చేతితో ముట్టనీయకయే సంవత్సరములు గడపు పద్ధతిని నాయుడుగారు గర్హించుట అంతకంటెను నిజము. వారు తగ్గింపగోరినది చదువును కాదు; చదువులోని నిరర్థకమైన నిరీక్షణమును. మన బడులలో ఉష్ణమును గూర్చిన పాఠము నోటికి వచ్చిన బాలురు వందలకొలది కలరు. వారిలో ఉష్ణమాపకమును చేతపట్టినవా రెందఱు?

ఇట్లు వ్రాయుచు నేను మన శ్రీకూర్మమునే తలంచుచున్నాను. వేసవిలో కూర్మనాథస్వామి దేవాలయమును, అచ్చటి తాబేళ్ళను చూడవచ్చు యాత్రికులు నీడకొఱకు వెదకుట మీ రెఱుగుదురు. మనది సముద్రతీరము, గాలిలో తేమ మెండు. కావున చెమట ఆఱదు, ఉక్క తీరదు. కుండలోని నీరును పొడిసీమలలో చల్లబడినంతగా ఇచ్చట చల్లబడదు. నీరు ఆవిరియగుచు తనతో ఉష్ణమును కొనిపోవును. గాలి ముందే తేమతో నిండియున్నచో ఆవిరి యగుట మందగించును. ఈ యొక్క సూత్రము చక్కగా తెలిసినవానికి నేటి శీతలయంత్రము సగము తెలిసినట్లే.

ఏసీ యంత్రము చల్లదనమును పుట్టించునని చాలమంది తలంతురు. అది పొరపాటు. అది గదిలోని వేడిని మోసికొనిపోయి వెలుపల పాఱబోయును. గొట్టములలో నొక ద్రవము తిరుగుచుండును. గదిలోపలి గొట్టమున నది ఆవిరియగుచు వేడిని గ్రహించును. ఆ యావిరిని కంప్రెసరు గట్టిగా నొక్కును. నొక్కుటచే మఱింత వేడెక్కి, గదివెలుపలి గొట్టములలో ఆ వేడిని విడిచి మరల ద్రవమగును. పిమ్మట సన్నని దారిగుండ పోవునపుడు ఒత్తిడి తగ్గి చల్లబడి, తిరిగి లోనికి వచ్చును. గాలిలోని తేమ చల్లని గొట్టముపై బిందువులై కాఱిపోవును గనుక ఉక్కయు తీరును. ఇదే యంత్రమును త్రిప్పి నడపినచో వెలుపలి వేడిని లోనికి తెచ్చి, శీతలదేశములలో ఇండ్లను వెచ్చబఱచును. మన మత్స్యకారుల చేపలు చెడకుండ కాపాడు మంచుగడ్డయు, ఆసుపత్రిలో టీకామందును నిలుపు పెట్టెయు నీ సూత్రమువలననే కలిగినవి. కావున ఇది కేవలము ధనికుల విలాసమునకు సంబంధించిన పని కాదు.

ఈ పనిని నేర్పుటకు పారిశ్రామిక శిక్షణాలయములలో, అనగా ఐ. టి. ఐ.లలో, ప్రత్యేకముగా నొక వృత్తిశాఖ కలదు. రాగిగొట్టమును కాల్చి యతుకుట, గొట్టములలోని గాలిని పూర్తిగా తీసివేసి శూన్యము చేయుట, వాయువు కాఱు చోటును కనిపెట్టుట, విద్యుత్తు ప్రమాదమునుండి తన్నును పరులను కాపాడుకొనుట అందు నేర్పుదురు. పూర్వము వాడిన వాయువులు కొన్ని ఆకాశమునందలి ఓజోను పొరకు చెఱుపు చేయుటచే 1987లో మాంట్రియల్ నగరమున దేశములు ఒడంబడిక చేసికొని వానిని తొలగింపసాగెను. నేటి వాయువులలో కొన్ని మండునట్టివి. కావున తెలియనివాడు చేయు పని ఇంటికిని ప్రాణమునకును ముప్పు. తెలిసినవాడు చేయు పని లోకమునకు మేలు. శిక్షణకాలము రెండేండ్లు. నాయుడుగారు కోరినదియు రెండేండ్లే గదా! కాని దాని ద్వారమున నొక నియమము కలదు: పదవ తరగతి ఉత్తీర్ణత.

విద్యార్థులారా, ఇచ్చటనే మీరు జాగ్రత్త వహింపవలెను. నాయుడుగారు బడి మానిరి గనుక మనమును మానవచ్చునని యెవ్వరు తలంపకుడు. వారు బడి మానిరిగాని నేర్చుట మానలేదు. అంతేగాక వారివలె బడి విడిచి, వారివలె పైకి రానివారు లక్షలకొలది కలరు. వారి చరిత్రముల నెవ్వరును వ్రాయరు. నాయుడుగారే తాము సంపాదించిన ధనమును ఇతర యువకులకు విద్యాలయము కట్టుటకు వినియోగించిరి గాని, బడి లేకుండ జీవింపుడని బోధింపలేదు. వారు కోరినది బడి మాఱవలె ననియే.

నేను పైన చెప్పిన బాలుని కొన్ని యేండ్ల పిమ్మట విశాఖపట్టణమున చూచితిని. నన్ను వాడే గుర్తించి నమస్కరించి, మాస్టారూ అని పిలిచెను. ఎత్తైన యొక మేడగోడకు ఏసీ పెట్టెలు బిగించు పనివారికి సహాయకుడుగా నుండెను. పానా చేతనున్నది, పనియు బాగుగ తెలియును. కాని పదవ తరగతి లేదు గనుక శిక్షణాలయమున చేరలేకపోయెను. ధ్రువపత్రము లేదు గనుక ఇతరుల క్రిందనే పనిచేయుచున్నాడు. ఆ పంకా సంగతి వాడు మఱచెనో లేదో యెఱుగను, నేను మఱువలేదు. మరల చదివి పరీక్షకు కూర్చుండుటకు సార్వత్రిక విద్యాపీఠము కలదని చెప్పి, దరఖాస్తు చేయు విధము వ్రాసియిచ్చి వచ్చితిని. నాడు చేయవలసిన దానిలో అది యెన్నవ వంతు!

నాయుడుగారు 1974వ సంవత్సరము జనవరి 4వ తేదీన కోయంబత్తూరున దివంగతులైరి. వారు సేకరించిన యంత్రములును, కల్పించిన వస్తువులును అచ్చటి ప్రదర్శనశాలలో ఇప్పటికిని చూడవచ్చును. 2025లో ఆ నగరపు అవినాశి రహదారిపై సుమారు పది కిలోమీటర్ల పొడవున కట్టిన పైవంతెనకు వారి పేరు పెట్టిరి. అది పీలమేడు మీదుగా, హోప్స్ కాలేజి మీదుగా పోవును. అనగా వారి మోటారు పుట్టిన చోటును, వారి బడి పుట్టిన చోటును దాటిపోవునన్నమాట.

మన జిల్లా బిడ్డలు పనికొఱకు విశాఖపట్టణమునకును, హైదరాబాదునకును, చెన్నపురికిని, చేపలవేటకై గుజరాతు తీరమునకును పోవుచునే యున్నారు. పోవుట తప్పదేని, ఉత్తచేతులతో గాక చేత నొక విద్యతో పోవుట మేలు. ఆ విద్య బడిలోనే ప్రారంభము కావలెను. అందులకు కావలసినది గొప్ప భవనము కాదు. విఱిగిన వస్తువులకొక బల్ల, నాలుగు పానాలు, ఒక ఆకురాయి, ఒక ఉష్ణమాపకము, వీనికి మించి విప్పిన బాలుని వెంటనే దండింపక, బిగించువఱకు వేచియుండగల యొక ఉపాధ్యాయుడు. కడపటిది మాత్రము ఈ యేటినుండి నా తరగతిలో కొఱతగా నుండదని మీ యందఱియెదుట మాట యిచ్చుచున్నాను.